ఇంగ్లీషు వాక్యము – తెలుగు విభక్తి



నేటి ప్రసంగము ఇంగ్లీషు వాక్యమును గుఱించినది. అయినను దీనిని వినుటకు ఇంగ్లీషు పాండిత్యము అక్కఱలేదు. బాల్యమున ‘డు ము వు లు ప్రథమావిభక్తి’ యని వల్లించి, నేటికిని మఱువని పెద్దలకే ఇది ముఖ్యముగా ఉద్దేశింపబడినది. చెన్నూరు ప్రాంతపు గ్రామములలో మనుమడో మనుమరాలో ఇంగ్లీషు పుస్తకము తెఱచినంతనే, ‘అది మాకు రాని విద్య’ యని పెద్దలు లేచి అరుగు మీదికి పోవుచుందురు. అట్లు పోనక్కఱలేదని చెప్పుటయే నా ప్రయత్నము.

2022–23వ విద్యాసంవత్సరమున తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఒకటవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశపెట్టబడినది. ఆ పాఠ్యపుస్తకములు ఒక ప్రక్క ఇంగ్లీషును, ఎదుటి ప్రక్క తెలుగును గల పుటలతో అచ్చువేయబడినవి. ఆ తెలుగు పుట పెద్దల సొత్తు. దానిని చేతబట్టుకొని ఇంగ్లీషు పుటను పరీక్షించుట సాధ్యమే. మన పిల్లల ఇంగ్లీషు వ్రాతలో తప్పులు పెక్కు గలవు గాని, వానిలో అక్షరదోషములను ఉపాధ్యాయుడు దిద్దగలడు. తెలుగు వాక్యము యొక్క కట్టడినుండి పుట్టు తప్పులు వేఱు. అవి ముఖ్యముగా రెండు చోట్ల కనబడును. ఒకటి ‘హూ’, ‘విచ్’ మొదలగు సంబంధబోధక సర్వనామముల యెడ. రెండవది క్రియ యొక్క కాలము నెడ.

మొదటిదానిని కొంత విపులముగా చూతము. ‘నిన్న వచ్చిన మనుష్యుడు మా మామ’ అని మనమందుము. ఇందులో ‘వచ్చిన’ అనునది క్రియనుండి పుట్టిన విశేషణము. దీనినే వ్యాకరణములందు క్రియాజన్య విశేషణమని వ్యవహరింతురు. ‘ఎఱ్ఱ ఎద్దు’ అన్నప్పుడు ఎఱుపు ఎద్దునకు ముందు నిలిచినట్లే, ‘వచ్చిన’ అనునది మనుష్యునికి ముందు నిలిచినది. ఇంగ్లీషువాడు ఇట్లనలేడు. ‘ది మ్యాన్ హూ కేమ్ యెస్టర్‌డే’ అనును. అనగా ‘మనుష్యుడు – ఎవడు నిన్న వచ్చెనో వాడు’ అని. మనుష్యుని ముందు చెప్పి, ‘హూ’ అను పదమును కొక్కెమువలె తగిలించి, దానికి తక్కిన మాటను వ్రేలాడదీయును. 1856లో ద్రావిడభాషల తులనాత్మక వ్యాకరణమును ప్రకటించిన రాబర్టు కాల్డ్వెల్, ఈ భాషలకు సంబంధబోధక సర్వనామము లేకపోవుటను, దానికి మాఱుగా క్రియాజన్య విశేషణము ఉండుటను, సంస్కృతముకంటె ఇవి వేఱని చూపు లక్షణములలో నొకటిగా గ్రహించెను. ఆ కాలపు దొరలు మన భాష నేర్చుకొనునప్పుడు చిక్కుపడినది ఇచ్చటనే. నేడు మన పిల్లలు ఆ దారిలోనే ఎదురుగా నడచుచు చిక్కుపడుచున్నారు.

చిక్కు ఎక్కడ నున్నదో చూడుడు. ‘నేను కోసిన చేను’, ‘నేను కోసిన కొడవలి’ – ఈ రెండు మాటలలోను ‘నేను కోసిన’ అనునది ఒక్కటే. అయినను చేను కోయబడినదనియు, కొడవలి కోసినదనియు మనకు వెంటనే తెలియును. భాష చెప్పలేదు, మన లోకజ్ఞానము చెప్పినది. అట్లే ‘నేను పుట్టిన ఊరు’, ‘నేను వచ్చిన పని’, ‘నేను అప్పు తీసికొన్న షావుకారు’ – ఊరిలో పుట్టితిని, పనికొఱకు వచ్చితిని, షావుకారునొద్ద తీసికొంటిని. లో, కొఱకు, ఒద్ద – ఈ విభక్తులన్నియు క్రియాజన్య విశేషణము రాగానే మాయమైపోయినవి. తెలుగు వాక్యము విభక్తిని మ్రింగివేయును. ఇది మన భాషకు లోపము కాదు, సంక్షేపము. కాని ఇంగ్లీషు వాక్యము ఆ మ్రింగిన దానిని తిరిగి బయట పెట్టుమని అడుగును.

బాలుడు ‘నేను పుట్టిన ఊరు’ అను మాటను ఇంగ్లీషులో ‘ది విలేజ్ విచ్ ఐ వాజ్ బార్న్’ అని వ్రాయును. అతనికి ‘పుట్టిన’ కనబడుచున్నది. ‘లో’ కనబడుట లేదు. వ్రాయవలసినది ‘ది విలేజ్ ఇన్ విచ్ ఐ వాజ్ బార్న్’ అని. లేదా ‘విచ్’నకు బదులు చోటును దెలుపు ‘వేర్’ అను పదము. ‘నేను కోసిన కొడవలి’ని ‘ది సికిల్ విచ్ ఐ కట్’ అని వ్రాసినచో ఆ బాలుడు కొడవలినే ముక్కలు చేసినట్లగును. ‘విత్ విచ్’ అన్నప్పుడే కొడవలితో కోసినట్లు. ‘విత్’ అను ఆ చిన్న పదము మన ‘తోన్’ అను తృతీయావిభక్తి యని పిల్లవానికి ఎవరైన చెప్పిరా?

ఇచ్చట పెద్దల పని యున్నది. పిల్లవానిని ఇంగ్లీషు వాక్యము వ్రాయుటకు ముందు తెలుగు వాక్యమును రెండుగా చీల్చుమనుడు. ‘ఇది ఊరు. ఈ ఊరిలో నేను పుట్టితిని.’ ‘ఇది కొడవలి. ఈ కొడవలితో నేను కోసితిని.’ ‘ఈయన షావుకారు. ఈయనయొద్ద నేను అప్పు తీసికొంటిని.’ చీల్చినంతనే దాగిన విభక్తి తలయెత్తును. ఇక దానికి సరియైన ఇంగ్లీషు పదము వెదకుట సులభము. రెండవ వాక్యములో ఆ మనుష్యుడు ప్రథమావిభక్తిలో నున్నచో ‘హూ’. ‘ఆ మనుష్యుడు నన్ను చూచెను’ గనుక, నన్ను చూచిన మనుష్యుడు ‘హూ సా మి’. ద్వితీయలో నున్నచో ‘హూమ్’. ‘ఆ మనుష్యుని నేను చూచితిని’ గనుక, నేను చూచిన మనుష్యుడు ‘హూమ్ ఐ సా’. ఇప్పటి ఇంగ్లీషువారు మాటలలో ఈ ‘హూమ్’ను చాలవఱకు విడిచి ‘హూ’ తోనే సరిపెట్టుకొనుచున్నారు. పరీక్షలోను, అర్జీలోను మాత్రము ‘హూమ్’ వ్రాయుటయే మేలు. ‘యొక్క’ వచ్చినచో ‘హూజ్’. ‘పొలము వరదలో మునిగిన రైతు’ అను మాటను చీల్చి చూడుడు: ‘ఈయన రైతు. ఈయనయొక్క పొలము వరదలో మునిగెను.’ యొక్క బయటపడినది. ‘ది ఫార్మర్ హూజ్ ఫీల్డ్’ అని వ్రాయవలెను. ఇచ్చట ‘హూ’ వేసినచో రైతే మునిగినట్లగును!

మనుష్యులకు ‘హూ’, తక్కిన జంతువస్తువులకు ‘విచ్’ అనునది బడిలో చెప్పెడు నియమము. ఇది మన మహదమహద్భేదమువంటిదే గాని, పూర్తిగా సరిపోదు. తెలుగులో ‘రాజు వచ్చినాడు’ అందుము. ‘ఆమె వచ్చినది’, ‘ఆవు వచ్చినది’ అందుము. ఏకవచనమున క్రియ స్త్రీని ఆవుతో జతపఱచినది. బహువచనమున ‘వారు వచ్చినారు’ అని పురుషులతో చేర్చినది. ఇంగ్లీషులో ఈ తారతమ్యము లేదు. స్త్రీకి ఏకవచనమందును ‘హూ’యే. ‘దట్’ అను పదము రెంటికిని చెల్లును గాని, కొన్ని చోట్ల రాకూడదు. ఆ చోట్లను గుఱించి ముందు చెప్పెదను.

చెన్నూరు, మంథని ప్రాంతములు వేదాధ్యయనమునకు పేరుపొందినవి. అచ్చటి పండితులకు ఈ ‘హూ’, ‘హూమ్’, ‘హూజ్’ క్రొత్త కావు. యః, యమ్, యేన, యస్మై, యస్మాత్, యస్య, యస్మిన్ – ఈ యచ్ఛబ్దపు రూపములే ఇంగ్లీషులో హూ, హూమ్, విత్ విచ్, టు హూమ్, ఫ్రమ్ హూమ్, హూజ్, ఇన్ విచ్ అను వేషములతో తిరుగుచున్నవి. సంస్కృతము చదివిన తాతగారు మనుమనికి యచ్ఛబ్దమును ఒక్కసారి చెప్పి, ప్రక్కన ఇంగ్లీషు పదములను వ్రాయించినచో పాఠము సగము ముగిసినట్లే. ఇంగ్లీషు బడి ముంగిట ఈ పండితులు పరాయివారివలె నిలుచుట నాకెప్పుడును వింతగా తోచును.

ఉర్దూ తెలిసినవారికిని ఇట్టి సౌలభ్యమే గలదు. పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగమున నిజాము రాజ్యములో పారసీకమునకు బదులుగా ఉర్దూ రాజభాష యైనది. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము బోధనకు ఉర్దూనే గ్రహించి, ఇంగ్లీషును తప్పనిసరిగా చదువవలసిన యొక విషయముగా నుంచెను. 1948 వఱకు ఈ జిల్లాల కచ్చేరీలలోను, పై తరగతులలోను నడచినది ఉర్దూయే. నాటి బడులలో చదివినవారు నేడు అరుదు. అయినను ఆదిలాబాదు ప్రాంతమున ఉర్దూ చెవికి సోకనివారు లేరు. ‘జో ఆద్మీ కల్ ఆయా, వో మేరా మామూ హై’ అనునప్పుడు ఆ ‘జో’ యే ఇంగ్లీషు ‘హూ’. ‘జిస్‌కా’ అన్న ‘హూజ్’. ‘జిస్‌మే’ అన్న ‘ఇన్ విచ్’.

కాని ఇందొక హెచ్చరిక. ఉర్దూలో ‘జో’కు జతగా ‘వో’ రావలెను. సంస్కృతమున యచ్ఛబ్దమునకు తచ్ఛబ్దము జత. తెలుగులోను ‘ఎవడు వచ్చెనో వాడు’ అని ‘వాడు’ లేనిదే వాక్యము నిలువదు. ఆ యలవాటున పిల్లలు ‘ది మ్యాన్ హూ కేమ్ యెస్టర్‌డే, హీ ఈజ్ మై అంకుల్’ అని వ్రాయుదురు. ఆ ‘హీ’ అధికము. ఇంగ్లీషులో ‘హూ’ ఒంటరిగా వచ్చి ఒంటరిగా పోవును, ‘హీ’ని కొట్టివేయుడు.

ఇంతవఱకు చెప్పినది పిల్లల మార్కులకు సంబంధించినది. ఇక చెప్పబోవునది ఆస్తులకు సంబంధించినది గనుక కొంచెము నిదానముగా వినుడు.

ఒక గృహస్థు మరణశాసనము వ్రాయించెననుకొనుడు. అందులో ‘భూమిని సాగుచేయుచున్న నా కుమారులకు ఈ ఇల్లు చెందవలెను’ అని యున్నది. ఆయనకు నలుగురు కుమారులు. ఇద్దఱు సేద్యము చేయుచున్నారు. ఒకడు మందమఱ్ఱి బొగ్గుగనిలో పనిచేయుచున్నాడు. ఇంకొకడు గల్ఫు దేశమునకు పోయినాడు. ఇల్లు ఎవరిది? సేద్యము చేయు ఇద్దఱిదా, నలుగురిదా? తెలుగు వాక్యము రెండర్థములను ఇచ్చును. ‘సాగుచేయుచున్న’ అను విశేషణము కొందఱిని ఏఱుటకు వచ్చినదో, లేక అందఱిని వర్ణించుటకు వచ్చినదో వాక్యమునుబట్టి తెలియదు. శాసనము వ్రాయించిన నాడు నలుగురును పొలములోనే యుండిరేమో!

ఇంగ్లీషు ఇట్టి చోట ఒక చిన్న గుర్తు నుంచును. దానిని కామా యందురు. ‘మై సన్స్ హూ కల్టివేట్ ది ల్యాండ్’ అని కామా లేక వ్రాసినచో సాగుచేయు కుమారులు మాత్రమే. ‘మై సన్స్’ తరువాత ఒక కామా, ‘ల్యాండ్’ తరువాత నొక కామా ఉంచినచో కుమారులందఱును. వారందఱును సాగుచేయువారని ప్రక్కమాటగా చెప్పినట్లు. మొదటిదానిలో ‘హూ’ ఏఱును; రెండవదానిలో ‘హూ’ వర్ణించును. గోదావరి విషయమున చూడుడు. గోదావరి ఒక్కటే గనుక ఏఱుటకు వీలు లేదు. ‘చెన్నూరు దగ్గర ఉత్తరవాహిని యైన గోదావరి’ అనుటకు కామాలు తప్పక రావలెను. అట్టి కామాల నడుమ ‘విచ్’ రావలెను గాని ‘దట్’ రాకూడదు. ‘దట్’ ఏఱుటకే పనికివచ్చును, వర్ణించుటకు పనికిరాదు. ముందు చెప్పెదనన్న చోటు ఇదియే.

‘మా పత్రములు తెలుగులో వ్రాసికొందుము గదా, ఇంగ్లీషు కామాతో మాకేమి పని?’ యని మీరడుగవచ్చును. వ్యాజ్యము గ్రామములోనే తీఱినచో పని లేదు. కాని భారత రాజ్యాంగపు 348వ అధికరణము ననుసరించి ఉన్నత న్యాయస్థానములలోను, సర్వోన్నత న్యాయస్థానములోను వ్యవహారము ఇంగ్లీషులో నడచును. అంతవఱకు పోయినప్పుడు మీ తెలుగు పత్రమును ఒకరు ఇంగ్లీషులోనికి త్రిప్పవలెను. ఆ త్రిప్పువాడు కామా ఉంచవలెనో మానవలెనో అప్పుడే నిర్ణయింపవలసి వచ్చును. అతడు మీ కుమారులను ఎఱుగడు, మీ పొలమును చూడలేదు. న్యాయమూర్తులు ఒక్క కామాను పట్టుకొని తీర్పు చెప్పరు. పత్రమంతటిని చదివి వ్రాసినవాని ఉద్దేశమును వెదకుదురు. అది నిజమే. అయినను అన్నదమ్ములు వకీళ్ల యిండ్ల చుట్టు తిరుగుటకు ఒక్క కామా చాలును. కావున తెలుగులోనే ‘నా కుమారులలో భూమిని సాగుచేయుచున్నవారికి మాత్రమే’ అనియో, ‘నా కుమారులు నలుగురికిని’ అని పేళ్లతోనో వ్రాయించుట క్షేమము. క్రియాజన్య విశేషణమును కవిత్వమునకు ఉంచుకొని, దస్తావేజులో దానిని నమ్మకుండుటే మేలని నా అభిప్రాయము.

ఇక కాలము. ఇందులో మనకు చిన్నయసూరి ఇచ్చిన సాయము గొప్పది. ఆయన బాలవ్యాకరణమున భూత, భవిష్యత్, వర్తమానములతో పాటు తద్ధర్మమను నాలుగవదానిని చెప్పెను. ఒక వస్తువుయొక్క స్వభావమును, నిత్యము జరుగుదానిని చెప్పునది తద్ధర్మము. ‘గోదావరి చెన్నూరు దగ్గర ఉత్తరముగా ప్రవహించును’ అన్నచో తద్ధర్మము. అది నేడు మాత్రమే ప్రవహించుట కాదు, రేపు ప్రవహింపబోవుటయు కాదు. అది ఆ నది నడక. ఇంగ్లీషులో దీనికి ‘ఫ్లోస్’ అని వ్రాయవలెను. ‘వరదనీరు బాట మీదుగా ప్రవహించుచున్నది’ అన్నచో ఈ క్షణపు సంగతి. దానికి ‘ఈజ్ ఫ్లోయింగ్’. ఇంగ్లీషు బడిలో ఈ ‘ఫ్లోస్’ అను రూపమునకు వర్తమానమని పేరు పెట్టుటచేత పిల్లలు మోసపోవుచున్నారు. అది పేరునకు వర్తమానము, పనిలో తద్ధర్మము.

నేటి వాడుక తెలుగు ఈ మోసమును ఇంకను పెంచినది. ‘మా అబ్బాయి మంచిర్యాలలో చదువుతున్నాడు, రోజూ బస్సులో వెళ్తున్నాడు’ అని మనమందుము. నిత్యము జరుగు పనికిని ‘ఉన్నాడు’ తగిలించుచున్నాము. దానినే బాలుడు ‘ఐ యామ్ గోయింగ్ టు స్కూల్ డైలీ’ అని వ్రాయును. ‘డైలీ’ అను మాట వచ్చినదన్న తద్ధర్మము వచ్చినదని అర్థము. ‘ఐ గో’ అనవలెను. అట్లే ‘నాకు ఇద్దఱు కుమారులు ఉన్నారు’ అనుటకు ‘ఐ యామ్ హావింగ్ టూ సన్స్’ అని వ్రాయువారు అర్జీలలో నేటికిని కనబడుదురు. కుమారులు కలుగుట ఈ క్షణమున జరుగుచున్న పనియా? ‘కలరు’ అని మన గ్రంథభాషలో చెప్పుకొని చూడుడు. ‘ఐ హావ్’ అని దానంతట అదే వచ్చును. ‘నాకు తెలియును’ అనుటకు ‘ఐ నో’ గాని, ‘ఐ యామ్ నోయింగ్’ గాదు.

‘నుండి’ అను పదము దగ్గర తప్పనివాడు లేడు. ‘నేను పదియేండ్లనుండి చెన్నూరులో ఉంటున్నాను’. దీనిని ‘ఐ యామ్ లివింగ్ ఇన్ చెన్నూర్ సిన్స్ టెన్ ఇయర్స్’ అని వ్రాయుట మన దేశపు ఇంగ్లీషునకు ముద్రవంటిదైనది. ఇందులో రెండు దోషములు గలవు. మొదటిది: ఒక పని గతమున మొదలై నేటికిని సాగుచున్నప్పుడు ఇంగ్లీషువాడు ‘హావ్ బీన్ లివింగ్’ అనును; కేవల వర్తమానముతో తృప్తిపడడు. రెండవది: మన ‘నుండి’ ఒక్కటే రెండు పనులు చేయును. ‘2016 నుండి’ అన్నప్పుడు అది మొదలైన గడియను చూపును. ‘పదియేండ్లనుండి’ అన్నప్పుడు గడచిన కాలపు పొడవును చూపును. గడియకు ‘సిన్స్’, పొడవునకు ‘ఫర్’. రైతు భాషలో చెప్పవలెనన్న, గట్టున పాతిన హద్దురాయి ‘సిన్స్’. ఆ రాతినుండి కొలిచిన గొలుసు ‘ఫర్’.

కౌలు, కబ్జా విషయములలో ఈ భేదము చిన్నది కాదు. ‘ఐ కల్టివేటెడ్ దిస్ ల్యాండ్ ఫర్ ట్వెల్వ్ ఇయర్స్’ అని అర్జీలో వ్రాసినచో ‘పన్నెండేండ్లు సాగుచేసితిని’ అని మాత్రమే. ఇప్పుడు చేయుట లేదని చదువువాడు గ్రహించును. ‘ఐ హావ్ బీన్ కల్టివేటింగ్’ అన్నచో ‘పన్నెండేండ్లనుండి సాగుచేయుచున్నాను’ అని, నేడును భూమి నా చేతిలోనే యున్నదని. 1963 నాటి కాలపరిమితి చట్టమున, అన్యుల స్వాధీనములో నున్న ప్రైవేటు భూమికై హక్కుదారు దావా వేయుటకు పన్నెండేండ్లు, ప్రభుత్వమునకు ముప్పదియేండ్లు గడువని గలదు. అట్టి లెక్కలు నడచుచోట స్వాధీనము తెగినదా, సాగుచున్నదా అనునదే ప్రశ్న. సాక్ష్యము, రికార్డులు లేనిది వాక్యము ఒక్కటే గెలిపింపదు. కాని తన అర్జీలోనే తన స్వాధీనము ముగిసినదని వ్రాసికొన్నవానిని ఎదుటి వకీలు ఊరక విడుచునా?

ఉద్యోగమునకు ఇచ్చు యోగ్యతాపత్రములలోను ఇట్లే. గల్ఫు దేశములకు పోవు మన యువకులు పాత యజమానినుండి ఇంగ్లీషులో పత్రము తెచ్చుకొందురు. ‘హీ హాజ్ వర్క్‌డ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్’ అన్న, ఐదేండ్లనుండి పనిచేయుచు ఇప్పుడును ఇక్కడనే యున్నాడు. ‘హీ వర్క్‌డ్ హియర్’ అన్న, చేసి మానివేసినాడు. విమానమెక్కుటకు ముందు ఆ ‘హాజ్’ ఉన్నదా లేదా యని చూచుకొనుట మంచిది.

ఈ ‘హాజ్’, ‘హావ్’లకు ఒక కట్టడి గలదు. తేదీ చెప్పిన వాక్యములో అవి రాకూడదు. ‘మంచిర్యాల జిల్లా 2016లో ఏర్పడినది’ అనుటకు ‘వాజ్ ఫార్మ్‌డ్ ఇన్ 2016’ అనవలెను. ‘హాజ్ బీన్ ఫార్మ్‌డ్ ఇన్ 2016’ అనరాదు. 1920లో సింగరేణి కంపెనీ ఏర్పడుట, 1948లో హైదరాబాదు రాజ్యము భారతదేశమున చేరుట – సంవత్సరము పలికినంతనే ‘హాజ్’ తొలగిపోవలెను. తెలుగులో ‘ఏర్పడినది’ అనునది రెండు చోట్లను ఒక్కటే గనుక ఈ నియమమును తెలుగునుండి రాబట్టలేము, కంఠస్థము చేయవలసినదే.

‘హాడ్’ సంగతి వేఱు. ఇక్కడ ఉర్దూ మిత్రమువలె వచ్చి మోసము చేయును. ఆయా, ఆయా హై, ఆయా థా – ఈ మూడింటికిని కేమ్, హాజ్ కమ్, హాడ్ కమ్ సరిగా జోడుపడును. కాని ఉర్దూవారు ‘కల్ మై మంచిర్యాల్ గయా థా’ అని, ఊరకే జరిగిన పనికిని ‘థా’ వాడుదురు. ఆ వాడుక సోకి ‘యెస్టర్‌డే ఐ హాడ్ గాన్ టు మంచిర్యాల్’ అని వ్రాయుట మన ప్రాంతమున బహుళము. ఇంగ్లీషులో ‘హాడ్’ ఒంటరిగా నిలువదు. గతములో జరిగిన మఱియొక పనికి ముందే జరిగినదని చెప్పవలసినప్పుడే దానికి చోటు. ‘నేను స్టేషను చేరుసరికి బండి వెళ్లిపోయినది’ అనుచోట బండి వెళ్లుట ముందు, నేను చేరుట వెనుక. గనుక బండికి ‘హాడ్ లెఫ్ట్’, నాకు ‘రీచ్డ్’. 2016లో మంచిర్యాల జిల్లా ఏర్పడువఱకు చెన్నూరు ఆదిలాబాదు జిల్లాలో నుండెను. ఇచ్చటను ‘హాడ్ బీన్’ చెల్లును. రెండు పనులు, ఒకదానికి ఒకటి ముందు – ఇవి లేనిచో ‘హాడ్’ను కొట్టివేయుమని పిల్లవానికి చెప్పుడు.

‘చో’ అను ప్రత్యయముతో ముగించెదను. ‘వానలు కురిసినచో గోదావరి నిండును’. కురియబోవునది రేపటి వాన గదా యని బాలుడు ‘ఇఫ్ ఇట్ విల్ రెయిన్’ అని ‘విల్’ వేయును. ఇంగ్లీషులో ‘ఇఫ్’ తరువాత ఇట్టి చోట భవిష్యత్తు రాదు. ‘ఇఫ్ ఇట్ రెయిన్స్’ అని, రెండవ భాగములో మాత్రము ‘విల్ రైజ్’ అని వ్రాయవలెను. ఇందులో వింత యేమియు లేదు. మన ‘కురిసినచో’ అను పదమునే విడదీసి చూడుడు. రేపటి వానకు మనము వాడినది ‘కురిసిన’ అను భూతరూపము! రాబోవు వానను మనము భూతమున చెప్పుదుము. వారు వర్తమానమున చెప్పుదురు. భవిష్యత్తున చెప్పువారు ఇరువురిలోను లేరు. మనుమడు ‘ఇఫ్’ తరువాత ‘విల్’ వ్రాసిన నాడు, అతనిచేత ‘కురియఁగలచో’ యని తెలుగులో పలికించి చూడుడు. నవ్వి తానే దిద్దుకొనును.